పరిమళపు పొగాకు: ఇంటిలో చేసినంత మాత్రమున మంచిదగునా?

ఉప్పల్ నుండి నాచారము పారిశ్రామికవాడకు పోవు దారిలో పాన్ డబ్బా లేని మలుపు అరుదు. పని విరామమున బయటికి వచ్చిన కార్మికుడు, బండి నిలిపిన డ్రైవరు, కూలికి పోవు స్త్రీ, ఎవరికి కావలసినది వారు అడిగి పుచ్చుకొందురు. ఒకరు జర్దా అందురు, ఒకరు తంబాకు అందురు, ఒకరు అంబర్ అందురు. కోస్తా జిల్లాల నుండి వచ్చినవారు కారా కిళ్లీ అందురు. పేరు ఏదైనను అందులోని ముఖ్యవస్తువు పొగాకే. దానికి సున్నము, వక్క, ఏలకులు, లవంగము, పుదీనా పువ్వు, మొగలి అత్తరు మొదలగునవి తోడగుచున్నవి.

ఈ అలవాటు గలవారిలో ఒక నమ్మకము కలదు. “బజారు పొట్లములో ఏమి కలుపుదురో మనకు తెలియదు. మంచి ఆకు కొని తెచ్చి, శుభ్రమైన సున్నమును, అసలైన సుగంధద్రవ్యములను మన చేతితో మన యింటిలోనే కలుపుకొన్నచో హాని యుండదు” అని వారి వాదము. ఆవకాయ విషయమున ఈ వాదము కొంతవరకు సరియైనదే. ఆవకాయలోని ఉప్పు, పులుపు, నూనె సూక్ష్మజీవులను పెరుగనీయవు. అందు చెడు కలిగినచో అది కల్తీ కారమువలననో, తడి చేతివలననో, అనగా బయటి నుండియే రావలెను. ఇంటిలో జాగ్రత్తపడినచో ఆ చెడు తప్పును. పొగాకు సంగతి వేరు. ఇచట హాని ఆకులోనే పుట్టియున్నది. దానికి మనము కలుపు ప్రతి వస్తువు ఆ హానిని తగ్గించుటకు బదులు ఒంటికెక్కించుచున్నది, లేక కప్పిపెట్టుచున్నది, లేక పెంచుచున్నది. ఇది ఎట్లు జరుగునో ఒక్కొక్క వస్తువునే తీసికొని పరిశీలింతము.

ఆకు

పొగాకు మన దేశపు మొక్క కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండము. పోర్చుగీసు వర్తకుల మూలమున అది దక్కను తీరములకు వచ్చినది. అసద్ బేగ్ అను మొగలు ఉద్యోగి 1604-05 ప్రాంతమున బిజాపూరు నుండి పొగాకును కొనిపోయి అక్బరు చక్రవర్తికి చూపెను. అక్బరు కుమారుడైన జహంగీరు 1617లో దానిని నిషేధించెను. కాని ఆ నిషేధము నిలువలేదు. తరువాతి కాలమున గోదావరి లంకలలోను, గుంటూరు సీమలోను పొగాకు పెద్ద పంటయై, 1947లో రాజమండ్రియందు దానికొక కేంద్ర పరిశోధనాలయమే ఏర్పడినది.

పొగాకులో రెండు ముఖ్యజాతులు కలవు. మొదటిది నికోటియానా టబాకమ్, రెండవది నికోటియానా రస్టికా. రెండవదానిలో ఘాటు హెచ్చు. ఆ ఘాటునకు కారణమైన నికొటిన్ అను ఆల్కలాయిడును 1828లో జర్మనీ దేశమున హైడెల్బర్గులో పోసెల్ట్, రైమాన్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఆకు నుండి విడదీసిరి. దీని అణువులో 10 కర్బన పరమాణువులు, 14 ఉదజని పరమాణువులు, 2 నత్రజని పరమాణువులు కలవు. మొక్క దీనిని మనకొరకు తయారుచేయుట లేదు. తన్ను తినవచ్చు పురుగుల నుండి కాపాడుకొనుటకు తయారుచేయుచున్నది. మన రైతులు పేనుబంకను చంపుటకు పొగాకు కషాయము చల్లుట అందరెరిగినదే. ఆ కషాయమున పురుగును చంపునదియు, జర్దాలో తలకు ఎక్కునదియు ఒకే పదార్థము.

సున్నము

ఎండిన ఆకులో నికొటిన్ ఒంటరిగా నుండదు. ఆకులోని మాలిక్, సిట్రిక్ మొదలగు ఆమ్లములతో కూడి లవణరూపమున నుండును. లవణరూపమున నున్న నికొటిన్ విద్యుదావేశము కలది. అట్టిది నీటిలో చక్కగా కరగునుగాని నోటి లోపలి పొరను దాటజాలదు. ఆ పొరలోని కణముల గోడలు క్రొవ్వుతో నిర్మితమైనవి. ఆవేశము లేని నికొటిన్ మాత్రమే ఆ గోడను సులభముగా దాటి నెత్తురులో కలియును.

సున్నము చేయు పని ఇదియే. అది క్షారము. ఆకులోని ఆమ్లములను తాను పట్టుకొని నికొటిన్‌ను విడిపించును. పులుపు, క్షారముల బలమును శాస్త్రజ్ఞులు పి.హెచ్. అను కొలమానముతో కొలుతురు. 7 తటస్థము. అంతకు తక్కువైనది ఆమ్లము, ఎక్కువైనది క్షారము. పి.హెచ్. 6 వద్ద నూటికి 1 వంతు నికొటిన్ మాత్రమే విడిగా నుండును. 7 వద్ద ఇంచుమించు 9 వంతులు, 8 వద్ద ఇంచుమించు సగము, 9 వద్ద ఇంచుమించు 91 వంతులు విడివడును. కొలమానముపై ఒక్కొక్క మెట్టు చిన్నదిగా కనబడినను ఫలితమున భేదము ఎంత పెద్దదో చూడుడు. సున్నపు తేట పి.హెచ్. 12 దాటును. కాబట్టి వ్రేలికొనతో తీసిన సున్నము కూడ అరచేతిలోని ఆకు స్వభావమును మార్చివేయగలదు.

పొగాకు జోలికి పోకుండ ఈ మార్పును మన వంటయింటిలోనే చూడవచ్చును. పసుపును నీటిలో కలిపి తెల్లని కాగితముపై పూసి ఆరబెట్టుడు. దానిపై ఒక చోట నిమ్మరసమును, మరియొక చోట సున్నపు తేటను ఒక్కొక్క బొట్టు వేయుడు. నిమ్మరసము పడినచోట పసుపురంగు అట్లే యుండును. సున్నము పడినచోట ఎరుపెక్కును. పెండ్లిలో పాదములకు పెట్టు పారాణి పుట్టునది ఇట్లే. పసుపు ఎరుపుగా మారుట పి.హెచ్. 8 దరిదాపుననే మొదలగును. నికొటిన్‌లో సగము విడివడునది కూడ ఆ మెట్టుననే. పారాణి ఎరుపును చూచునపుడు, అంతటి క్షారములో పొగాకు నికొటిన్ సంకెలలు తెంచుకొనునని జ్ఞాపకముంచుకొనవచ్చును.

నమలువారు పొగాకును మ్రింగక దవడకును బుగ్గకును నడుమ పెట్టుకొనుటకు కారణము కూడ ఇందే కలదు. కడుపులోనిది గట్టి ఆమ్లము. అచట నికొటిన్ మరల లవణమై రక్తములోనికి సరిగా ఎక్కదు. తరువాత ప్రేవులలో ఎక్కినదియు ముందుగా కాలేయమునకు పోయి చాలవరకు విరిగిపోవును. బుగ్గలోనుండి ఎక్కినది అట్లు గాక నేరుగా మెదడును చేరును. శాస్త్రము తెలియని కాలముననే మనుష్యులు అనుభవముచే ఈ త్రోవను కనుగొనిరి. కాని ఆ త్రోవ యందే వ్యసనము కూడ నడచివచ్చినది.

సున్నము మరియొక అపకారము కూడ చేయును. అది ఒరపిడి గుణము కలది. ప్రతిదినము ఒకే చోట తగులుచుండినచో బుగ్గ లోపలి పొర పొక్కి పలుచనగును. పలుచబడిన పొరగుండ ఇతర విషములు మరింత సులభముగా చొరబడును.

పరిమళము

పచ్చి పొగాకు నోటికి చేదు, మంట, వెగటు. మొదటిసారి నమలినవాడు ఉమ్మివేయును, తల తిరిగి వాంతి చేసికొనును. అది శరీరము చేయు హెచ్చరిక. పరిమళద్రవ్యములు ఈ హెచ్చరికను వినబడనీయవు.

పుదీనా పువ్వులోని మెంథాల్ నిజముగా చల్లనిది కాదు. చలిని గుర్తించుటకు నాలుకయందును, చర్మమునందును ఉన్న నరముల కొనలను అది తాకి, చల్లదనము తగిలినట్లు భ్రమ కలిగించును. లవంగనూనెలోని యూజినాల్ తాకినచోటును మొద్దుబారజేయును. పంటినొప్పికి లవంగము పెట్టుకొనుట ఇందుకే. ఏలకులు, మొగలి, గులాబీ, కుంకుమపువ్వు వెగటును కప్పును. తీపి చేదును కప్పును. ఇవి తమంతట తాము చెడ్డవి కావు. పాయసములో వేసిన ఏలకి ఎవరికిని కీడు చేయదు. కాని పొగాకులో వేసిన ఏలకి పదునైన కత్తికి పట్టుగుడ్డ చుట్టినట్లు. కత్తి మొక్కవోదు, కనబడకుండును.

బాలురును, యువకులును మొదట పట్టుబడునది ఈ పరిమళమునకే. పచ్చి ఆకును ఉమ్మివేయు పిల్లవాడు తియ్యని పొట్లమును ఉమ్మివేయడు. నాలుగు దినములు గడచిన తరువాత అతడు అడుగునది పరిమళమును కాదు, నికొటిన్‌ను.

తడి, వేడి, కాలము

ఇంతవరకు చెప్పినది వ్యసనము సంగతి. ఇక పుట్టకురుపు, అనగా క్యాన్సరు సంగతి. నమలు పొగాకులో క్యాన్సరు కలిగించు పదార్థములు ఇరువదికి పైగా గుర్తింపబడినవి. వానిలో ప్రధానమైనవి నైట్రొసమీనులు. ఇవి పచ్చి ఆకులో ఇంచుమించు ఉండవు. ఆకును ఆరబెట్టునపుడు, మాగవేయునపుడు, నిలువచేయునపుడు పుట్టును.

ఆ విధానము ఇట్లుండును. మొక్క నేలనుండి పీల్చిన నైట్రేటు ఆకులో నిలువయుండును. తడియును, వేడిమియును తగిలినపుడు ఆకుపైనున్న సూక్ష్మజీవులు పెరిగి ఈ నైట్రేటును నైట్రైటుగా మార్చును. నైట్రైటు ఆకులోని నికొటిన్‌తోను, దానికి సంబంధించిన నార్‌నికొటిన్‌తోను కలిసి నైట్రొసమీనులను పుట్టించును. అనగా సూక్ష్మజీవులకు కావలసినవి తడి, వెచ్చదనము, కాలము అను మూడు. పరిమళపు పొగాకును చేయువారు ఆకును తడిపి, సుగంధ ద్రవములు పట్టించి, మూతవేసి ఊరబెట్టుదురు. హైదరాబాదు వేసవిలో మూసిన డబ్బా లోపల ఈ మూడును ఒకచోట చేరును. పచ్చడి ఊరినకొద్ది రుచి పెరిగినట్లు, పొగాకు ఊరినకొద్ది విషము పెరుగుటకు వీలు కలుగుచున్నది. కంటికి గాని ముక్కునకు గాని ఈ భేదము తెలియదు. నైట్రొసమీనులకు గుర్తుపట్టదగిన రంగు లేదు, వాసన లేదు.

ఈ విషయమున రెండు దూరదేశముల అనుభవము గమనింపదగినది. స్వీడనులో స్నూస్ అను తడి పొగాకును పై పెదవి క్రింద పెట్టుకొందురు. అచటి ఉత్పత్తిదారులు ఆకును మాగవేయుట మాని, ఆవిరితో వేడిచేసి సూక్ష్మజీవులను చంపి, సరుకును చల్లని పెట్టెలలో నిలువచేయుటచే నైట్రొసమీనులు చాల తగ్గినవి. సూడానులో తుంబాక్ అను పొగాకును రస్టికా జాతి ఆకుతో చేసి, మాగవేసి, వంటసోడా కలుపుదురు. నమలు పొగాకులలో మిక్కిలి హెచ్చు నైట్రొసమీనులు కనబడినవానిలో ఇదియొకటి. ఆకు ఆకే అయినను చేయు పద్ధతినిబట్టి విషము హెచ్చుతగ్గులగుచున్నదని దీనివలన తేలుచున్నది. అయితే స్నూస్ కూడ వ్యసనము కలిగించునదే. పైగా ఆవిరియంత్రము, చల్లని నిలువ, రసాయనశాల ఉన్నచోట సాధ్యమైన అదుపు మన వంటయింటిలోని గిన్నెకు, సీసాకు సాధ్యము కాదు.

నోటిలో కనబడు గురుతులు

తాంబూలముతో పొగాకు నమలువారికి నోటి పుట్టకురుపు వచ్చుచుండుటను దక్షిణ భారత వైద్యులు చాల కాలము క్రిందటనే గమనించిరి. తిరువాన్కూరు ప్రాంతమున పనిచేసిన ఆర్ అను వైద్యుడు 1933లో లాన్సెట్ పత్రికయందు ఈ విషయమును ప్రకటించెను. హాని ఎక్కడ తగులునో రోగము అక్కడనే లేచుట ఇందలి విశేషము. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో నిప్పు కొనను నోటిలో పెట్టుకొని అడ్డపొగ పీల్చు స్త్రీలకు అంగిలిలో కురుపులు పుట్టుచుండగా, నమలువారికి పొగాకు ఉంచుకొను బుగ్గయందు, చిగుళ్ల ప్రక్కన పుట్టుచున్నవి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నమలు పొగాకును మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువుల మొదటి తరగతిలో చేర్చినది. పొగాకు లేకున్నను వక్క కూడ అట్టిదేయని 2004లో ప్రకటించినది. వక్క నమలుటవలన బుగ్గ లోపలి పొర నారవలె గట్టిపడి, క్రమముగా నోరు తెరువలేని స్థితి కూడ కలుగును.

2016-17లో జరిగిన సర్వే ప్రకారము మన దేశమున పెద్దవారిలో నూటికి 21.4 మంది పొగలేని పొగాకును వాడుచున్నారు. పొగ త్రాగువారు 10.7 మంది మాత్రమే. అనగా మనకు పొగకంటె నమలుటయే పెద్ద సమస్య.

బుగ్గలో గీకినను పోని తెల్లమచ్చ, మాననట్టి పుండు, కారము తగిలినపుడు మంట, మూడు వ్రేళ్లు నిలువుగా పట్టనంతగా నోరు బిగియుట, ఈ గురుతులలో ఏది కనబడినను రెండు వారములకు మించి ఉపేక్షింపరాదు. దంతవైద్యునికి చూపవలెను. 1955లో స్థాపితమైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు వైద్యశాల హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో కలదు.

చేయువారికి కలుగు హాని

ఇంటిలో తయారుచేయుటవలన నమలువాని హానికి తోడు చేయువారి హాని కూడ చేరును. తడిసిన ఆకును వట్టిచేతులతో పిసికినపుడు నికొటిన్ చర్మముగుండ లోపలికి పోవును. పొగాకు తోటలలో తడి ఆకు కోయువారికి తలనొప్పి, వాంతులు, కళ్లు తిరుగుట కలుగుచుండును. దీనికి పచ్చపొగాకు జబ్బు అని పేరు. ఆకు నలుగగొట్టునపుడు లేచు దుమ్ము ముక్కునకు, కంటికి తగులును. ఏలకుల వాసన చూచి పసివారు డబ్బా మూత తీసి నోట వేసికొనినచో ప్రాణాపాయమే. చేతికొలతతో కలిపినది అంతటను సమముగా నుండదు. ఒక చిటికెలో తక్కువ నికొటిన్, మరియొక చిటికెలో దానికి ఎన్నోరెట్లు ఉండవచ్చును.

చట్టము, పరీక్ష

ఆహారపదార్థములలో పొగాకును గాని నికొటిన్‌ను గాని కలుపరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు శాసించుచున్నవి. 2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము రాష్ట్రపు ఆహార భద్రతా కమిషనరు ఒకసారికి ఒక సంవత్సరమునకు మించకుండ నిషేధము విధింపవచ్చును. ఆ అధికారముననే తెలంగాణలో 2024 మే 24 నుండి ఒక సంవత్సరము పాటు పొగాకు, నికొటిన్ గల గుట్కా, పాన్ మసాలాల తయారీ, నిలువ, రవాణా, అమ్మకము నిషేధింపబడినవి. ఇట్టి నిషేధములు వచ్చినచోట్లనెల్ల కొందరు ఒక ఉపాయము పన్నిరి. పాన్ మసాలా నొక పొట్లములోను, జర్దాను మరియొక పొట్లములోను అమ్మి, కలుపుకొను పనిని కొనువానికే వదలివేసిరి. కలుపుట కర్మాగారమున జరిగిననేమి, అరచేతిలో జరిగిననేమి, నోటికి రెండును ఒకటియే. ఇంటిలో చేసి అమ్ముకొనువారికిని చట్టము వర్తించునని మరువరాదు.

ఆహారమున ఏది కలిసినదో తేల్చు రాష్ట్ర ఆహార పరీక్షాశాల నాచారమునందే ఉన్నది. ఆహార భద్రతాధికారి తీసిన నమూనాను నాలుగు భాగములుచేసి ముద్రవేసి, ఒక భాగమును పరీక్షకు పంపుదురు. ఇట్టి పరీక్షలకు వాడు క్రొమటోగ్రఫీ అను పద్ధతిలో మిశ్రమమును ఒక సన్నని గొట్టముగుండ పోనిత్తురు. అందులోని పదార్థములు ఒక్కొక్కటి ఒక్కొక్క వేగముతో నడచి విడివిడిగా బయటపడును. సిరాచుక్క పడిన కాగితము అంచు తడిపినపుడు రంగులు విడివడి ప్రాకుట చూచినవారికి ఈ సూత్రము సులభముగా అర్థమగును. మొగలి వాసన ముక్కును మోసగింపవచ్చునుగాని గొట్టమును మోసగింపజాలదు. అట్టి గొట్టము మన యిండ్లలో లేదు. “మా ఇంటి సరుకు మంచిది” అనువారు దేనితో కొలిచి ఆ మాట చెప్పగలరు?

మానుటకు వీలున్నదా?

ఉన్నది. టాటా సంస్థకు చెందిన పరిశోధకులు ఎర్నాకులం, భావనగరము, మన శ్రీకాకుళము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడుకదారులను సంవత్సరముల తరబడి చూచుచు, మానుడని బోధించిరి. 1986లో ప్రకటితమైన ఫలితముల ప్రకారము ఎర్నాకులం, శ్రీకాకుళములలో ఆ బోధవలన మానినవారు హెచ్చిరి. నోటిలో క్రొత్తగా పుట్టు మచ్చలును, మార్పులును బాగుగా తగ్గినవి. ఉప్పల్‌కు దాపుననే తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1990 దశకమున అడ్డపొగ పీల్చువారికి ఎ విటమిన్, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియములను ఇచ్చి చూడగా అనేకుల మచ్చలు తగ్గుముఖము పట్టెను. దీనిని చూచి విటమినులు మ్రింగుచు పొగాకు నమలవచ్చునని తలపరాదు. మచ్చ దశలోనే జాగ్రత్తపడినచో నోటి పొర తిరిగి బాగుపడగలదను ఆశకు మాత్రమే ఇది ఆధారము.

మానిన మొదటి దినములలో చిరాకు, నిద్రలేమి, తలనొప్పి కలుగును. ఇవి నికొటిన్ లోటువలన కలుగునవి. మొదటి వారమున తీవ్రముగా నుండి క్రమముగా తగ్గును. కోరిక ఒక్కొక్కసారి అలవలె లేచి కొన్ని నిమిషములలో పడిపోవును. ఆ నిమిషములు గడుపుటకు సోంపు, ఏలకి, ఉసిరి ముక్క నోట వేసికొనుట, మంచినీరు త్రాగుట, నాలుగడుగులు నడచుట ఉపకరించును. వక్కను మాత్రము బదులుగా పట్టరాదు. తమంతట తాము మానలేనివారు 1800112356 అను ప్రభుత్వ సహాయ కేంద్రమునకు ఖర్చు లేకుండ ఫోను చేసి సలహా పొందవచ్చును.

పొగాకు డబ్బాలో వేయుటకు కొన్న ఏలకులు, లవంగములు, కుంకుమపువ్వు ఇంటిలో మిగిలియున్నచో వానికి మనకెరిగిన మంచి చోట్లు చాల కలవు. పాయసములో వేయుడు, తేనీటిలో వేయుడు. సున్నమును గోడకు వేయుడు. పొగాకు ఆకును మాత్రము నోటికి రానీయకుడు.